గ్విడో సన్యాసి: స్వరాలకు గీతలు గీసిన మనిషి గురించి మాట్లాడుకుందాం

పాటలపెట్టె:
అందరికీ నమస్కారం. గుడి గాయక బృందంలో చాలా ఏళ్లుగా పాడుతున్నాను. మొదట్లో అన్నీ విని నేర్చుకున్నవే. ఎవరో పాడితే వినడం, పదిసార్లు అనడం, గొంతుకు పట్టించుకోవడం. నలభై దాటాక పట్టుదలగా కూర్చుని స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపి, చదవడం నేర్చుకున్నాను. ఎవరూ పాడి వినిపించని పాటను కాగితం చూసి నా అంతట నేను పాడిన రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గీతలు మొదట ఎవరు గీశారా అని వెతికితే దొరికిన పేరు గ్విడో. ఇటలీలో అరెజ్జో అనే ఊరి పేరుతో ఆయన్ను పిలుస్తారు. వెయ్యేళ్ల కిందటి బెనెడిక్టు సభ సన్యాసి.

ఆయన గురించి ఎక్కడ చూసినా "సంగీత లిపిని కనిపెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. పేరు కోసమో, కచేరీల కోసమో చేసిన పని కాదది. మఠంలో తెల్లవారకముందే లేచి ప్రార్థన పాడే పిల్లల బాధ చూసి చేసిన పని. నా ఉద్దేశంలో ఆయన సంగీతాన్నీ సన్యాసాన్నీ విడదీస్తే రెండూ అర్థం కావు. దీని గురించి తెలిసినవాళ్లు రాయండి. నాకు తెలిసింది నేనూ రాస్తాను.

కొత్తగొంతు:
పాటలపెట్టె గారూ, మంచి విషయం మొదలుపెట్టారు. ఒక సందేహం. ఆయనకు ముందు అసలు రాతే లేదా? పాత చేతిరాత పుస్తకాల బొమ్మల్లో అక్షరాల మీద చిన్నచిన్న గుర్తులు కనిపిస్తాయి కదా, అవేమిటి?

లతీనుబడి:
ఆ గుర్తుల్ని న్యూమ్‌లు అంటారు. గ్విడోకు సుమారు రెండు వందల ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠంలో రాసిన పుస్తకాల్లో ఇవి ఎంత సున్నితంగా ఉంటాయంటే, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ తేలిగ్గా వదిలేయాలి అన్నది కూడా తెలుస్తుంది. తెలియనిది ఒక్కటే. గొంతు పైకి వెళ్లాలని గుర్తు చెబుతుంది, ఎంత పైకో చెప్పదు. దారి అడిగితే "అలా ముందుకెళ్లి ఎడమకు తిరుగు" అని చెప్పి, ఎంత దూరమో చెప్పనట్టు. దారి ముందే తెలిసినవాడికి ఆ మాట చాలు, కొత్తవాడికి చాలదు. పాట ముందే నోటికి వచ్చినవాడికి గుర్తుచేయడానికే ఆ లిపి.

గ్విడో దీనికి ఒక పోలిక చెప్పాడు, నాకు చాలా ఇష్టం. అక్షరమో రంగు గీతో లేని న్యూమ్ తాడు లేని బావి లాంటిదట. లోపల నీళ్లు ఎన్ని ఉన్నా, పైనుంచి చూసేవాడి దాహం తీరదు. పిల్లలు కంఠస్థం చేయడానికి వీలుగా రాసిన ఒక పద్య గ్రంథంలో ఉంది ఈ మాట.

ఆయన వేసిన తాడు ఇదీ. గీతలు సమాన దూరంలో గీయాలి. గీత మీద ఒక స్వరం, రెండు గీతల మధ్య ఖాళీలో ఇంకో స్వరం. ఒకే ఎత్తులో ఉన్న గుర్తులన్నీ ఒకే స్వరం. గీతలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటే కన్ను తడబడుతుంది కాబట్టి రెండింటికి రంగు. ఇప్పుడు మనం సి అనే స్వరం గీతకు కుంకుమపువ్వు పసుపు, ఎఫ్ అనే స్వరం గీతకు సింధూరం ఎరుపు. ఆ రెండే ఎందుకంటే, సరిగ్గా ఆ రెండు స్వరాల కిందే అర్ధస్వరం ఉంటుంది. మిగతా చోట్ల మెట్లు పెద్దవి, అక్కడ మాత్రం ఇరుకు. పాడేవాడు జారేది అక్కడే. అంటే జారే మెట్టుకు రంగు వేశాడన్నమాట. గీతలూ అక్షరాలూ అంతకుముందు కూడా కొందరు వాడి చూశారు. ఖాళీని కూడా లెక్కలోకి తెచ్చి, రంగు కలిపి, చూడగానే తెలిసే ఒక పద్ధతిగా కుదిర్చింది గ్విడో.

తెల్లవారుజాము:
నేను కొన్నేళ్లు ఒక మఠంలో శిక్షణలో ఉండి బయటికి వచ్చినదాన్ని. ఇందులో నాకు మనసుకు తగిలే విషయం ఒకటుంది, కాస్త పొడవుగా రాస్తాను.

బెనెడిక్టు నియమావళి ప్రకారం సన్యాసులు వారంలో నూట యాభై కీర్తనలూ పూర్తి చేయాలి. రాత్రి జాగరణ ప్రార్థన ఒకటి, పగలు ఏడు, మొత్తం రోజుకు ఎనిమిది సార్లు గుడిలో చేరాలి. కీర్తనల వరకైతే రాగం కొద్దిగా మారుతూ అదే తిరిగి వస్తుంది. కానీ ప్రతి కీర్తనకు ముందూ వెనకా పాడే చరణాలు, పండుగ పండుగకూ మారే పల్లవులు వందల్లో ఉంటాయి. ఇవన్నీ నోటికి రావాలి. అప్పట్లో తల్లిదండ్రులు చిన్నప్పుడే మఠానికి అప్పగించిన పిల్లలు ఉండేవారు. పెద్దవాళ్లతో పాటు వాళ్లూ రాత్రి లేచి నిలబడి పాడాలి.

ఇప్పుడు నియమావళి 45వ అధ్యాయం చూడండి. గుడిలో కీర్తనో పల్లవో పఠనమో తప్పు పలికిన పెద్దవాడు అందరి ముందూ తగ్గించుకుని తప్పు ఒప్పుకోవాలి. అదే తప్పు పిల్లవాడు చేస్తే? దెబ్బలు. అంత స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. పదేళ్లు విని విని నేర్చుకున్నా తప్పు వచ్చే పాటలు, ఆ తప్పుకు బెత్తం. ఆ బడిలో పాఠం చెప్పే మనిషి గ్విడో.

గ్విడో ఆ అధ్యాయం గురించి రాశాడని నేను అనడం లేదు. కానీ పిల్లలు మూడో రోజు రాకముందే, ఎన్నడూ వినని పాటను తడబడకుండా పాడారని తన ఉత్తరంలో రాసుకున్నాడు. వేరే పద్ధతిలో వారాలు పట్టేదట. ఆ వాక్యం వెనక ఎవరి వీపు తప్పించుకుందో నాకు కనిపిస్తుంది.

కొత్తగొంతు:
అక్కా, ఇది చదివాక కాసేపు ఏమీ రాయాలనిపించలేదు. చిన్నపిల్లలు అంత టెన్షన్‌తో దేవుని ముందు నిలబడేవారా!

పాటలపెట్టె:
తెల్లవారుజాము గారు చెప్పినదానికి ఇంకో మాట కలుపుతాను. గ్విడోకు కోపం తెప్పించింది కాలం వృథా కావడం. తన పల్లవుల పుస్తకానికి రాసిన ముందుమాటలో, ఈ రోజుల్లో అందరికన్నా తెలివి తక్కువవాళ్లు గాయకులే అని మొదలుపెడతాడు. వందేళ్లు సాధన చేసినా గురువు లేకుండా చిన్న పల్లవి కూడా సొంతంగా పాడలేరని, ఆ కాలమంతా పెడితే గ్రంథాలన్నీ చదివేయవచ్చని అంటాడు. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, పాట నేర్చుకునే యావలో సన్యాసులూ గురువులూ కీర్తనల ధ్యానాన్ని, పఠనాన్ని, జాగరణను వదిలేస్తున్నారట. పాట దేవుని దగ్గరికి తీసుకెళ్లాలి, దారిలోనే మనిషిని అరగదీయకూడదు. ఆయన తాపత్రయం నాకు ఇలా అర్థమైంది.

ఆ కొత్త పుస్తకం ఆయన పొంపోజా మఠంలో మొదలుపెట్టాడు. ఏడ్రియాటిక్ సముద్రతీరంలో, ఫెర్రారాకు దగ్గర, పో నది పాయల మధ్య ఉంది ఆ మఠం. తోడుగా మిఖాయేలు అనే సోదర సన్యాసి. మెచ్చుకోవాల్సిన తోటివాళ్లు అసూయపడ్డారు. అక్కడ ఉండలేక ఆయన 1025 ప్రాంతంలో అరెజ్జోకు వెళ్లాడు. అక్కడి బిషప్ తెదాల్దో చేరదీసి, ప్రధాన దేవాలయంలో పాడేవాళ్లకు పాఠం చెప్పే పని ఇచ్చాడు. ఆ బిషప్ ప్రోత్సాహంతోనే "మైక్రోలోగస్" అనే చిన్న గ్రంథం, ఇరవై అధ్యాయాలది, రాసి ఆయనకే అంకితం ఇచ్చాడు.

తర్వాత మిఖాయేలుకు రాసిన ఉత్తరం మొదట్లోనే ఆ గాయం తెలుస్తుంది. నేను దూరదేశంలో ప్రవాసంలో ఉన్నాను, నువ్వేమో అసూయపరుల ఉచ్చుల్లో ఊపిరాడక ఉన్నావు అంటాడు. ఒక పాత కథ చెబుతాడు. ఒక పనివాడు వంగినా పగలని గాజు తయారుచేసి అగస్టస్ చక్రవర్తికి తెచ్చి ఇచ్చాడట. బహుమానం బదులు మరణశిక్ష పడింది. గాజు పగలకపోతే బంగారానికి విలువ ఉండదని భయం. ఆ గాజు పనివాడిలో గ్విడో తనను తాను చూసుకున్నాడు.

నేలమాళిగ:
మీ అందరి అభిమానం అర్థమవుతోంది. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, దయచేసి వేరేగా అనుకోవద్దు.

నియమావళి 57వ అధ్యాయం మఠంలోని పనివాళ్ల గురించి. పనితనం ఉన్నవాళ్లు వినయంతో, మఠాధిపతి అనుమతితో ఆ పని చేసుకోవచ్చు. తన పనితనం వల్ల మఠానికి ఏదో ఒరుగుతోందని పొంగిపోయేవాణ్ని ఆ పని నుంచే తప్పించాలి. ఇది సన్యాసానికి గుండెకాయ లాంటి నియమం. దీని ముందు గ్విడోను నిలబెట్టండి. తోటి గాయకులంతా బుద్ధిలేనివాళ్లని రాస్తాడు. ఒక లతీను పద్యంలో అయితే, తాను చేసేది ఏమిటో తెలియకుండా చేసేవాడు పశువు అంటాడు. తనను చరిత్రలో అన్యాయానికి గురైన మేధావితో పోల్చుకుంటాడు. పైగా సన్యాసి చేసే ప్రమాణాల్లో స్థిరత్వం ఒకటి. చేరిన మఠంలోనే చివరిదాకా ఉంటానని. ఆయన వదిలి వెళ్లాడు. పొంపోజాలోని మిగతా సోదరుల మాట మనకు ఎక్కడా వినిపించదు. ఒక పక్క మాటే విని "అసూయ" అని తీర్పు చెప్పడం సరైనదేనా?

తెల్లవారుజాము:
నేలమాళిగ గారూ, అభ్యంతరం న్యాయమైనదే. మఠంలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అసూయ అని మనం పిలిచేది లోపల నుంచి చూస్తే చాలాసార్లు భయం. జీవితమంతా పెట్టి ఆ పాటలన్నీ కంఠస్థం చేసిన ముసలి సన్యాసిని ఊహించుకోండి. మఠంలో అతని గౌరవం, అతని అవసరం ఆ జ్ఞాపకమే. ఇప్పుడు ఒక కుర్రవాడు వచ్చి, పదేళ్ల పాఠం ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో వస్తుందంటున్నాడు. ఆ ముసలాయనకు కాళ్ల కింద నేల కదలదా?

అయినా చివర్లో ఏం జరిగిందో కూడా చూడాలి. తర్వాత పొంపోజా మఠాధిపతి (ఆయన పేరు కూడా గ్విడోనే) ఆ పుస్తకం చూసి, ఒకప్పుడు నీ ప్రత్యర్థుల పక్షం ఉన్నందుకు చింతిస్తున్నానని, తిరిగి రమ్మని అడిగాడు. ఇది కూడా గ్విడో మాటే, నిజమే. కానీ ఆ మాట ఉన్న ఉత్తరం చేరింది పొంపోజాలోనే ఉన్న మిఖాయేలుకు. అక్కడివాళ్లు చదివే ఉత్తరంలో మఠాధిపతి గురించి లేనిది రాయడం కష్టం.

నేలమాళిగ:
ఆ ఉత్తరం చేరిన చోటు గురించి నేను ఆలోచించలేదు. అసూయ విషయంలో నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. గర్వం విషయంలో మాత్రం ఇంకా అలాగే ఉన్నాను.

పాటలపెట్టె:
గర్వం గురించి ఒక్క మాట. పాట నేర్పినందుకు ఆయన ఏం కోరాడో కూడా అదే ఉత్తరంలో ఉంది. పదేళ్లు కష్టపడి అరకొరగా నేర్పిన గురువుల కోసమే మనం ప్రార్థిస్తున్నామే, ఏడాది రెండేళ్లలో గాయకుణ్ని చేసిన మా కోసం తర్వాతివాళ్లు ఏం చేస్తారో అంటాడు. ప్రార్థన కోరుకున్నాడు. అందులో గర్వం పాలు ఎంతో, ఆశ పాలు ఎంతో మీరే చూడండి.

లతీనుబడి:
ఇక పాశ్చాత్య సంగీతంలో అందరికీ తెలిసిన స్వరాల పేర్లు, "ఉత్ రే మి ఫా సోల్ లా" దగ్గరికి వద్దాం. ఇది కూడా ఆ ఉత్తరంలోదే. స్నాపక యోహాను పండుగ, జూన్ 24న సాయంకాల ప్రార్థనలో పాడే ఒక లతీను స్తుతిగీతం ఉంది. దాన్ని 8వ శతాబ్దపు సన్యాసి, డీకన్ పౌలు రాశాడని సంప్రదాయం. మొదటి ఆరు భాగాలు ఒక్కొక్కటీ ముందుదాని కన్నా ఒక మెట్టు పై స్వరంలో మొదలవుతాయి. ఆ మొదటి అక్షరాలు వరసగా ఉత్, రే, మి, ఫా, సోల్, లా.

పేర్లు పెట్టడం కన్నా వాటిని వాడే తీరు గొప్పది. ముందు ఆ గీతం బాగా రావాలి. ఎంత బాగా అంటే, ఆరింటిలో ఏ భాగమైనా అడగ్గానే ఎత్తుకోగలగాలి. అప్పుడు తెలియని పాట ముందు పెట్టుకోండి. అందులో ఒక పదబంధం ఏ స్వరంతో మొదలవుతోందో గీతలు చూపిస్తాయి. ఆ స్వరంతో మొదలయ్యే భాగాన్ని మనసులో ఎత్తుకుంటే చాలు, స్వరం దొరికినట్టే. ఇలా వాద్యం సాయం గానీ, పక్కన గురువు గానీ లేకుండానే కుదురుతుంది. అంతకుముందు ఏకతంత్రి అనే ఒంటి తీగ వాద్యం మీటి స్వరం వెతికి, దానికి గొంతు కలిపేవారు. అది పసిపిల్లలకు పనికొస్తుంది కానీ ముందుకు వెళ్లేవాళ్లకు కాదన్నాడు గ్విడో.

ఆ గీతం అర్థం కూడా గుర్తుంచుకోవాలి. నీ సేవకులు వదులైన గొంతుతో నీ అద్భుతాలు పాడగలిగేలా, మలినమైన పెదవుల దోషం తొలగించు, పునీత యోహానూ అని. యోహాను తండ్రి జెకర్యాకు మాట పడిపోయి, బిడ్డకు పేరు పెట్టిన రోజు నాలుక విడివడింది కదా. నోరు విప్పలేని పిల్లల కోసం ఈ గీతాన్ని ఎంచుకోవడం నాకైతే యాదృచ్ఛికం అనిపించదు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

ఏడో భాగం ఆ మెట్టు ఎక్కదు, అందుకే గ్విడోకు ఆరు పేర్లే. ఏడో స్వరానికి "సి" అనే పేరు (పైన చెప్పిన పసుపు గీత సి వేరు) చాలా తర్వాత, 16వ శతాబ్దం చివర్లో చేరింది. "ఉత్" పోయి "డో" రావడం 17వ శతాబ్దపు ఇటలీలో.

కొత్తగొంతు:
మన సరిగమల నుంచి ఇది వెళ్లిందని ఒకచోట చదివాను. నిజమేనా?

లతీనుబడి:
స్వరాలను అక్షరాలతో పిలవడం మన దగ్గర గ్విడో కన్నా చాలా పాతది, అందులో సందేహం లేదు. కానీ ఆయన పేర్లు ఎక్కడివో ఆయన రాసిన ఉత్తరంలోనే ఉంది. ఆ గీతాన్ని ముందు పెట్టుకుని చూస్తే ఆరు అక్షరాలూ కంటికి కనిపిస్తాయి. పోలిక అర్థం చేసుకోవడానికి వాడుకోండి, మూలం కోసం వద్దు.

మెట్టుమెట్టుకూ:
ఆలస్యంగా వచ్చాను. అరచేతిలో వేళ్ల కణుపుల మీద స్వరాలు రాసిన "గ్విడో హస్తం" బొమ్మ గురించి ఎవరూ అనలేదేం? మా బృందంలో అదే ఆయన పెద్ద ఆవిష్కరణ అని చెప్పారు.

లతీనుబడి:
మనకు దక్కిన గ్విడో రచనల్లో ఆ చెయ్యి ఎక్కడా లేదు. తర్వాతి బోధకులు ఆయన పేరు తగిలించారు. ఆరు స్వరాల వరసను వేరువేరు చోట్ల మొదలుపెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారే పద్ధతి కూడా ఆయన తర్వాత పెరిగిందే.

పాటలపెట్టె:
రోమ్ సంగతి చెప్పకుండా ఈ చర్చ నిండదు. 1020ల చివర్లో, ఈ పద్ధతి సంగతి విని పోపు 19వ యోహాను స్వయంగా కబురు పంపాడు. గ్విడో అరెజ్జో నుంచి ఒక మఠాధిపతితో, అక్కడి ప్రధాన దేవాలయ పెద్ద పేతురుతో కలిసి వెళ్లాడు. పోపు ఆ పుస్తకాన్ని ఏదో అద్భుతాన్ని చూసినట్టు తిరగేసి, ముందున్న నియమాలు మళ్లీమళ్లీ చదివి, తాను ఎన్నడూ వినని ఒక చరణం తనంతట తాను పాడేదాకా కూర్చున్న చోటు నుంచి లేవలేదట. తల నెరిసిన పెద్దమనిషి, పైగా పోపు, బడిపిల్లవాడిలా వేలు గీత మీద పెట్టి పాడుకోవడం తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. నేను మొదటిసారి చదివి పాడిన రోజు గుర్తొస్తుంది.

కానీ అక్కడ ఉండలేకపోయాడు. రోమ్ వేసవి వేడి, చిత్తడి నేల, జబ్బు. చలికాలంలో తిరిగి వచ్చి పోపుకూ అక్కడి గురువర్గానికీ నేర్పుతానని మాట ఇచ్చి బయటపడ్డాడు. పొంపోజా మఠాధిపతిని కలిసింది ఆ తర్వాతే. బిషప్పుల కొలువు కన్నా మఠమే మేలని ఆయన నచ్చజెప్పాడు. అప్పట్లో పదవులు డబ్బుకు కొనుక్కున్న బిషప్పులు చాలామంది. గ్విడో ఆ మాటకు తలవంచాడు. నేలమాళిగ గారి స్థిరత్వం ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే, ఆయన చివరికి మళ్లీ మఠం గోడల్లోకే వెళ్లాలనుకున్నాడు.

నేలమాళిగ:
ఇది నాకు తెలియదు. పోపు కొలువులో స్థిరపడే అవకాశం ఉన్న మనిషి మఠం వైపు తిరగడం చిన్న విషయం కాదు. ఆలోచిస్తాను.

తెల్లవారుజాము:
గీతలతో రాసిన తొలి పుస్తకాల్లో కొన్ని అరెజ్జో పక్కన కొండల్లో ఉన్న కమాల్దోలి సన్యాసులవి. మౌనానికి పేరుపడ్డ శాఖ అది. ఆయన చివరి రోజులు ఆ ప్రాంతపు మఠంలోనే గడిచాయని చాలామంది పండితులు అనుకుంటారు. ఇంకో బాధ, ఆయన మిఖాయేలుతో కలిసి రాసిన ఆ పల్లవుల పుస్తకం మనకు దక్కలేదు. ముందుమాట మాత్రం మిగిలింది. పోపు వేలు పెట్టి చదివిన ఆ పసుపు, ఎరుపు గీతలు మనం ఎప్పటికీ చూడలేం.

మెట్టుమెట్టుకూ:
నేను పిల్లల బృందానికి పాఠం చెబుతాను. ఈ చర్చ చదివి, లతీనుబడి గారు చెప్పినట్టు ఆ గీతం నేర్పి చూశాను. మొదటి రెండు వారాలు ఆ ఒక్క గీతమే, ఇంకేమీ లేదు. భాగాలను కలిపి అడిగాను, విడదీసి అడిగాను, తలకిందులుగా అడిగాను. మూడో వారం బోర్డు మీద నాలుగు గీతలు గీసి, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు సుద్దతో వేసి, వాళ్లు వినని చిన్న పల్లవి రాశాను. నేను నోరు విప్పలేదు. ముందు ఒక అమ్మాయి సన్నగా ఎత్తుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు. చివరి స్వరం దగ్గర ముగ్గురూ కలిశారు. మిగతా పిల్లలు నా ముఖం వైపు చూశారు, అది సరైనదేనా అని. నేను తల ఊపాను.

పాటలపెట్టె:
మెట్టుమెట్టుకూ గారూ, ఆ ముగ్గురు పిల్లలకూ నా ఆశీస్సులు చెప్పండి.

కొత్తగొంతు:
నేనూ మొదలుపెట్టాను. ఆరు భాగాలూ వచ్చాయి కానీ మూడు నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు ప్రతిసారీ కాస్త ఎక్కువ పైకి పోతున్నాను. రికార్డు చేసి వింటే తెలుస్తోంది.

లతీనుబడి:
మి నుంచి ఫా కదా. అదే ఆ ఇరుకు మెట్టు, సింధూరం గీత కింద ఉన్నది. శంకరాభరణంలో గ నుంచి మ పాడేటప్పుడు ఎంత దగ్గరగా పెడతారో అంతే. ముందు ఫా దగ్గర మొదలుపెట్టి కిందికి మికి దిగండి, ఆ తర్వాత ఎక్కండి. దిగేటప్పుడు దూరం ఎంతో గొంతుకు తెలుస్తుంది.

కొత్తగొంతు:
దిగితే కుదిరింది. ఎక్కడం రేపు మళ్లీ చూస్తాను.